ఎవరా నలుగురు?

మా పిన్ని బండి నేర్చుకున్నది తెల్లవారుజామున అయిదింటికి, ఊరి బయట హైస్కూలు మైదానంలో. బండి బాబాయిది, ఎక్సెల్. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ అది వసారాలో గోనెపట్టా కప్పుకుని ఉంది. సామర్లకోటకు ఆరేడు కిలోమీటర్ల దూరం మా ఊరు. బాబాయి పెట్టిన చిన్న కిరాణా కొట్టే ఆ ఇంటికి ఆధారం. వారానికి రెండుసార్లు సామర్లకోట వెళ్ళి సరుకు తెచ్చుకోవాలి. ఆటోకి ఇచ్చింది పోగా మిగిలేది చూసుకుంటే కొట్టు మూసేయడమే నయమనిపించేది పిన్నికి. ఇంట్లో బండి ఉంది, నడపడం రాదు. వయసు నలభై ఆరు. నేర్చుకోవచ్చు. కానీ వయసు కన్నా పెద్ద అడ్డంకి ఇంకోటి ఉంది.

“నలుగురూ ఏమనుకుంటారత్తయ్యా?” అంది ఒక రాత్రి నాయనమ్మతో.

నాయనమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అడిగింది. “ఎవరే ఆ నలుగురు? పేర్లు చెప్పు.”

పిన్ని ఆలోచించి ఒక పేరు చెప్పింది. కాసేపటికి ఇంకో పేరు. మూడో పేరు దగ్గర తడబడి, వీధి చివరింటి ఆవిడని కలిపింది. నాలుగో మనిషి ఎంతకీ దొరకలేదు.

“ముగ్గురేగా. రేపు పొద్దున్నే నన్ను లేపు,” అంది నాయనమ్మ.

మర్నాటి నుంచి మూడు వారాల పాటు, డెబ్బై దాటిన మనిషి, కడుపున పుట్టినవాణ్ణి పోగొట్టుకున్న దుఃఖం ఇంకా ఆరని మనిషి, టార్చిలైటు పట్టుకుని ఆ మైదానం గట్టు మీద కూర్చుంది. పిన్ని పడింది, లేచింది, మోకాలు గీరుకుపోయింది. ఒకరోజు బండి తిన్నగా వెళ్ళి గోల్‌పోస్టుకి గుద్దుకుంది. కుళాయి దగ్గర మాటలు రానే వచ్చాయి. ఏడాదైనా తిరక్కుండానే బండెక్కిందన్నారు. కొన్నాళ్ళు అన్నారు. తర్వాత ఊళ్ళో ఇంకేదో జరిగింది, ఆ మాటలు అటు మళ్ళాయి.

ఈ సంగతి మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. చెప్పుకున్నప్పుడల్లా పిన్ని ధైర్యం గురించే చెప్పుకున్నాం. ఇన్నేళ్ళకు నా ధ్యాస ఆ టార్చిలైటు మీదికి మళ్ళింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నీళ్ళ బిందె

తెలుగులో నలుగురంటే లోకం. నలుగురిలో పరువు, నలుగురి నోట్లో పడటం, నలుగురితో నారాయణ. మళ్ళీ అదే నలుగురంటే చివరి రోజున మన పాడె మోసేవాళ్ళు. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండటం ఊరికే కాదని నా నమ్మకం. నలుగురి మాట కాదన్నవాడికి పాడె మోసే నలుగురు దొరకని కాలం నిజంగానే ఉండేది. ఆ శిక్ష పేరు వెలి. వెలివేసిన ఇంటికి పురోహితుడు రాడు. మంగలి రాడు, చాకలి రాడు. బావి దగ్గర చేద ముట్టనివ్వరు. పొయ్యి రాజేయడానికి పక్కింట్లో నిప్పు పుట్టదు. ఆ ఇంటి పిల్లకి సంబంధం రాదు. ఇంట్లో ఎవరైనా పోతే శవం లేవదు. అలాంటి రోజుల్లో “నలుగురూ ఏమనుకుంటారో” అని భయపడటాన్ని పిరికితనం అనలేం. అది ప్రాణం కాపాడుకునే తెలివి.

ఆ భయం ఎంత బలమైనదో తెలియాలంటే రాజమండ్రి వెళ్ళాలి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. చట్టం చెప్పాక కూడా గోదావరి ఒడ్డున పాతికేళ్ళు ఒక్క అడుగు ముందుకు పడలేదు. ప్రభుత్వం ఒప్పుకున్నా నలుగురూ ఒప్పుకోలేదు మరి. 1879లో కందుకూరి వీరేశలింగం గారు వితంతు వివాహాలు శాస్త్ర సమ్మతమేనని సభ పెట్టి చెబితే ఊరు అట్టుడికింది. అక్కడితో ఆగకుండా 1881 డిసెంబరు 11 రాత్రి బాలవితంతువు గౌరమ్మకు, గోగులపాటి శ్రీరాములుకు తన ఇంట్లోనే పెళ్ళి జరిపించారు. ఆంధ్రదేశంలో తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కిన పెళ్ళి అది. పోలీసుల బందోబస్తు కావలసి వచ్చింది. ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్ళు కాపలా కాశారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బిచ్చి ఆదుకున్నారు. పెళ్ళికి వచ్చినవాళ్ళనూ వెలివేశారు. వాళ్ళలో కొందరు తర్వాత ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్ళీ నలుగురిలో కలిసిపోయారు. వాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళ ఇళ్ళలోనూ పెళ్ళి కావలసిన పిల్లలున్నారు, నీళ్ళు తోడుకోవలసిన బావులున్నాయి.

ఇక్కడ నేను ఆగి చూసేది ఇంకొకరిని. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారిని. ఆ ఇంటికి వంటవాళ్ళు రావడం మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. భర్తను వదిలి వచ్చేయమని అయినవాళ్ళు ఒత్తిడి పెట్టారు. ఆవిడ వెళ్ళలేదు. గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చారు. పెళ్ళి వంట తన చేత్తో వండారు. వీరేశలింగం గారి ధైర్యానికి కలం ఉంది, వివేకవర్ధని పత్రిక ఉంది, ఉపన్యాస వేదిక ఉంది. ఆవిడ ధైర్యానికి తోడున్నది నీళ్ళ బిందె ఒక్కటే. రేవు మెట్లు దిగి, బిందె నింపుకుని, తడి చీరతో ఆ వీధుల్లో నడిచిన ప్రతిసారీ అరుగుల మీద ఎన్ని కళ్ళు ఆవిడ మీద ఉండి ఉంటాయో! ఒకసారి సభలో నిలబడి మాట్లాడటం కన్నా రోజూ ఆ దారిన నడవడమే కష్టమని నాకనిపిస్తుంది.

వెలి అనే ఆయుధం పనిచేయాలంటే ఆ ఇంటికి నీళ్ళు అందకూడదు. ఆవిడ నీళ్ళు తెచ్చారు. మొదటి పెళ్ళి జరిగిన నాలుగు రోజులకే రెండో పెళ్ళి జరిగింది. వీరేశలింగం గారు తన జీవితకాలంలో జరిపించిన వితంతు వివాహాలు దాదాపు నలభై.

బావి పోయింది, భయం మిగిలింది

ఇప్పుడు నీళ్ళు కుళాయిలో వస్తున్నాయి. నిప్పు సిలిండర్లో ఉంది. జుట్టు కత్తిరించుకోవడానికి సెలూన్, బట్టలకి వాషింగ్ మెషీన్, ఆఖరికి శ్మశానానికి తీసుకెళ్ళడానికి మునిసిపాలిటీ బండి కూడా వచ్చింది. వెలి చేతిలో ఉండిన ఆయుధాలు చాలావరకు ఊడిపోయాయి. అయినా మనం మాత్రం ఆ బావి ఇంకా వాళ్ళ చేతిలోనే ఉన్నట్టు బతుకుతున్నాం. నలభై ఏళ్ళు దాటాక ఈత నేర్చుకోవాలన్నా, ఉన్న ఉద్యోగం మాని ఇష్టమైన పని పెట్టుకోవాలన్నా, సంగీతం టీచరు ముందు చిన్నపిల్లల వరసలో కూర్చోవాలన్నా, ఇంగ్లీషులో తప్పుగానైనా నాలుగు ముక్కలు మాట్లాడాలన్నా ముందు అరుగుల వైపు చూస్తాం. అరుగులు కూలిపోయి అపార్టుమెంట్లు వచ్చాయి కదా అంటే, ఆ అరుగు ఇప్పుడు ఫోన్లోకి చేరింది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో నలుగురు కాదు, నలభై మంది కూర్చుని ఉంటారు.

నిజానికి మనల్ని ఎంతమంది చూస్తున్నారు? అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ గిలోవిచ్, ఆయన సహచరులు ఈ ప్రశ్నకి లెక్క కట్టారు. 2000లో ప్రచురించిన వాళ్ళ ప్రయోగం మానసిక శాస్త్రంలో ప్రసిద్ధం. ఒక్కో విద్యార్థికి గాయకుడు బ్యారీ మానిలో బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించారు. అక్కడి కుర్రాళ్ళ దృష్టిలో అది వేసుకోవడం నామోషీ. ఆ టీషర్టుతో తోటి విద్యార్థులున్న గదిలోకి పంపి, వెంటనే బయటికి పిలిచి, ఎంతమంది ఆ బొమ్మ ఎవరిదో గమనించి ఉంటారని అడిగారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని ఆ వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు నాలుగో వంతు మంది. అంటే మన మీద పడ్డాయనుకునే కళ్ళలో సగం మన ఊహలోవే.

కార్నెల్ గది వేరు, మా ఊరి కుళాయి వేరు. అది నాకు తెలుసు. మన ఊళ్ళలో గమనిస్తారు, గమనించి ఊరుకోరు కూడా. పిన్ని గోల్‌పోస్టుని గుద్దుకున్న సంగతి ఆ మధ్యాహ్నానికే ఊరంతా పాకింది. కానీ ఆ మాటలకు ఆయుష్షు ఎంత? మనం పదేళ్ళు గుర్తుపెట్టుకుని కుమిలే మాటని అన్న మనిషి పది రోజుల్లో మరిచిపోతుంది. తర్వాతెప్పుడో పిన్ని ధైర్యం చేసి, వీధి చివరింటి ఆవిడని, “అప్పుడు నా గురించి అలా అన్నావటగా వదినా,” అని అడిగింది. ఆవిడకి నిజంగానే గుర్తు లేదు. “నేనెందుకంటాను, నువ్వు బండి మీద వెళ్తుంటే మా అమ్మాయికి చూపించేదాన్ని,” అంది.

ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ మానసిక చికిత్సకుడు ఈ భయానికి ఒక మందు కనిపెట్టాడు. ముందు తన మీదే వాడి చూసుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆయనకి ఆడపిల్లలతో మాట్లాడాలంటే ఒణుకు. ఒక నెలంతా న్యూయార్క్ బ్రాంక్స్‌లోని బొటానికల్ గార్డెన్‌కి రోజూ వెళ్ళి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీ పక్కనా కూర్చుని మాట కలపాలని నియమం పెట్టుకున్నాడు. కొందరు వెంటనే లేచి వెళ్ళిపోయారు. వంద మందితో మాట్లాడగలిగాడు. ఒక్క స్నేహమూ కుదరలేదు. కానీ ఎవరూ కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు, ప్రాణం పోలేదు. భయం మాత్రం పోయింది. పెద్దయ్యాక తన దగ్గరికి వచ్చినవాళ్ళకి ఆయన చిన్న చిన్న పనులు చెప్పేవాడు. రైల్లో రాబోయే స్టేషను పేరు గట్టిగా అరిచి చెప్పమనేవాడు, అంతే. మనమైతే సిటీబస్సులో “కోఠీ వచ్చింది, కోఠీ!” అని అరిచి చూడొచ్చు. నలుగురూ ఒకసారి తలతిప్పి చూస్తారు, మళ్ళీ కిటికీలోంచి బయటికి చూసుకుంటారు. భయం పుస్తకం చదివితే పోదు. భయపడ్డ పని చేసి, ఏమీ కాలేదని ఒళ్ళు తెలుసుకుంటే పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఇప్పటిదాకా రాసినదంతా అబద్ధమవుతుంది. “ఎవరేమనుకుంటే నాకేం” అనగలగడం అందరికీ ఒకే ధరకి దొరకదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆస్పత్రికి తీసుకొచ్చిన యువకుణ్ణి ఆమె కళ్ళముందే నరికి చంపారు. కులం దాటి పెళ్ళి చేసుకోవడం అతని నేరం. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగతావాళ్ళకి యావజ్జీవం వేసింది. అది నలుగురిలో పరువు పేరిట జరిగిన హత్య. ఇప్పటికీ దళితులను ఊరు బహిష్కరించిన వార్తలు వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట్ల భయపడేవాళ్ళకి ధైర్యం గురించి ఉపన్యాసం చెప్పే హక్కు మనకి లేదు. వాళ్ళకి కావలసింది చట్టం, రక్షణ, పక్కన నిలబడే మనిషి. నేను ఈ పేజీలో మాట్లాడుతున్నది, బావి ఎవరి చేతిలోనూ లేకపోయినా దాహంతో కూర్చున్న మనలాంటివాళ్ళతో.

మెట్టు మీద మెట్టు

కంఫర్ట్ జోన్ దాటి బయటికి రమ్మని ఈ రోజుల్లో ప్రతి వేదిక మీదా చెబుతున్నారు. ఆ మాటతో నాకొక పేచీ ఉంది. సరుకు సంచులతో ఎండలో ఆటో కోసం నిలబడ్డ పిన్నికి ఏం కంఫర్టు ఉందని? మనం వదల్లేకపోయేది చాలాసార్లు సుఖాన్ని కాదు, అలవాటైన ఇబ్బందిని. కొత్త ఇబ్బంది కన్నా పాతది నయమని మనసు సర్దిచెప్పుకుంటుంది. ఇంకో పేచీ, ఆ వక్తలు చెప్పే దూకుడు. ఒక్కసారిగా దూకేయమంటారు. దూకినవాళ్ళ కథలు దగ్గరగా చూస్తే అక్కడ దూకుడు కనిపించదు, మెట్లు కనిపిస్తాయి.

మాలావత్ పూర్ణ సంగతే చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల ఆ అమ్మాయి ఊరు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటుండగా కొండలెక్కే శిక్షణకి ఎంపికైంది. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ పూనిక అది. శేఖర్‌బాబు గురువు. మొదటి మెట్టు భువనగిరి కొండ, ఆ నున్నటి ఏకశిల. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, రెనాక్ శిఖరం. ఆ పైన గడ్డకట్టించే చలిలో లడఖ్. ఇవన్నీ అయ్యాకే ఎవరెస్టు. తీరా బయల్దేరాక 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియ విరిగిపడి పదహారు మంది కొండ కార్మికులు చనిపోయారు. పూర్ణ, ఖమ్మం జిల్లా చర్ల నుంచి వచ్చిన ఆనంద్‌కుమార్ టిబెట్ వైపు ఉన్నారు. కావాలంటే వెనక్కి వచ్చేయమన్నారు పెద్దలు. పిల్లలిద్దరూ రామన్నారు. మే 25న శిఖరం మీద నిలబడేనాటికి పూర్ణ వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. అప్పటికి ప్రపంచంలో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లల్లో అందరికన్నా చిన్నది. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది.

ఈ కథలో నన్ను కదిలించేది శిఖరం కాదు. లంబాడా కుటుంబంలో పుట్టిన, పదమూడేళ్ళ ఆడపిల్లని, తిరిగొస్తుందో రాదో తెలియని చోటికి పంపడానికి సంతకం పెట్టిన ఆ అమ్మానాన్నలు. వాళ్ళ ఊళ్ళో నలుగురు లేరా?

వరంగల్ జిల్లా కల్లెడలో జీవంజి దీప్తి ఇంట్లోనూ అంతే. బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందితో పుట్టిన పిల్ల. ఊళ్ళో పిచ్చిదన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని అమ్మకి సలహాలిచ్చారు. కూలి చేసుకునే ఆ తల్లిదండ్రులు పిల్లని వదల్లేదు. పరుగులో ఆ పిల్ల సత్తాను కోచ్ నాగపురి రమేశ్ పట్టుకున్నారు. 2024 మేలో జపాన్ కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం పెట్టిన టీ20 విభాగంలో 400 మీటర్లను దీప్తి 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పూర్ణ తానుగా గీత దాటింది. దీప్తికి ఆ అవకాశం కూడా లేదు, పుట్టగానే నలుగురూ గీత గీసేశారు. ఆ గీతని ముందు చెరిపింది అమ్మానాన్నలు. పరుగు ఆ తర్వాత వచ్చింది.

అందుకే “ఎవరినీ పట్టించుకోకు, నీ దారిన నువ్వు పో” అనే సలహా నాకు సగమే నిజమనిపిస్తుంది. ఒంటరిగా గీత దాటినవాళ్ళు చాలా తక్కువ. వీరేశలింగం గారికి నీళ్ళ బిందె మోసినవారున్నారు. పూర్ణకి సంతకం పెట్టినవాళ్ళున్నారు. మా పిన్నికి టార్చిలైటు పట్టిన ముసలావిడ ఉంది. నలుగురి మాట లెక్కచేయకుండా ఉండటానికి నాలుగు వందల మంది మద్దతు అక్కర్లేదు. ఒక్క మనిషి చాలు. ఆ ఒక్కరూ ఇంట్లో మనిషైతే సగం కొండ ఎక్కినట్టే.

ఇది చదువుతున్న మీరు గీత దాటాలనుకునేవాళ్ళే అయి ఉండనక్కర్లేదు. చాలామందిమి గీత దాటేవాళ్ళ పక్కన ఉంటాం. అమ్మగా, నాన్నగా, అత్తగారిగా, భర్తగా. మనమే ఆ నలుగురిలో ఒకరిగా కూడా ఉంటాం. ఇంటర్ ఫలితాల రోజున చుట్టాలింటికి ఫోన్ చేసి మీవాడికెన్ని మార్కులని అడిగేది మనమే. ముప్పై దాటిన పిల్లని పెళ్ళెప్పుడని పదిమందిలో అడిగేదీ మనమే. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా కొత్తగా ఏదో నేర్చుకుంటానంటే, మానేసిన చదువు మళ్ళీ మొదలుపెడతానంటే, నోటిదాకా వచ్చిన ఆ పాత ప్రశ్నని ఒక్క క్షణం ఆపండి. దాని బదులు మా నాయనమ్మ అడిగింది అడగండి. ఆ నలుగురూ ఎవరో పేర్లు చెప్పమనండి. తర్వాత పొద్దున్నే లేచి తోడు వెళ్ళండి.

పిన్ని కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. ఎక్సెల్ మారింది, రెండో బండి వచ్చింది. నాయనమ్మ పోయి ఏడేళ్ళయింది. పాడె మోసిన నలుగురిలో ఒకరు మా నాన్న, ఇంకొకరు మా అన్నయ్య. మిగతా ఇద్దరూ, ఆ రాత్రి పిన్ని చెప్పిన మూడు పేర్లలో ఇద్దరి కొడుకులు.